వంతెన నాడి

మేడ మీది గది
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

ఫోన్ వద్దు, ఉత్తరాలే రాసుకుందాం అని నువ్వన్నప్పుడు నవ్వాను గానీ, నువ్వన్నదే నిజం. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, మళ్ళీ నెలరోజులు మాటలుండవు. ఉత్తరంలో నువ్వెంత అరిచినా నాకు వినపడదు. పైగా మా ఆఫీసు సామాన్ల వ్యాను వారానికి రెండుసార్లు మీ ఆసుపత్రికి వస్తోంది కదా, డ్రైవరన్న జేబులో పెట్టేస్తే స్టాంపు కూడా అక్కర్లేదు.

ఉద్యోగం సంగతి చెప్తాను. మీ ఆపరేషన్ భవనానికీ వార్డుల భవనానికీ మధ్య వంతెన కోసం కొలతలు తియ్యడానికొచ్చిన ఇంజనీరమ్మని పట్టుకుని, "మా తమ్ముడొకడున్నాడు, తొమ్మిదో క్లాసుతో ఆపేశాడు, ఎక్కడా నిలవడు, కానీ కంప్యూటర్ దగ్గర కూర్చోబెడితే లేవడు" అన్నావట. ఆవిడ రోజుకోసారి ఆ మాట చెప్పి నవ్వుతోంది. ఎక్కడా నిలవడు అని చెప్పకపోతే నీ సొమ్మేం పోయేది?

ఇక్కడో సాఫ్ట్‌వేర్ ఉంది. ఇనుము ముక్క కొనకుండానే వంతెన కట్టేస్తుంది. దాని మీద జనాన్ని నిలబెట్టొచ్చు, గాలి వీయించొచ్చు. ఎక్కడ ఎక్కువ కష్టపడుతోందో అక్కడ ఎర్రగా అయిపోతుంది. చూస్తూ కూర్చుంటే అన్నం సంగతి మర్చిపోతున్నాను.

కానీ ఒక వింత. అన్ని తెలివితేటలున్న దానికి కిలో అంటే తెలీదు, మీటరంటే తెలీదు. గడిలో అంకె కొట్టమంటుంది, అంతే. యూనిట్ రాయడానికి చోటే లేదు. నాకు ఒళ్ళు మండి, "మరి దానికెలా తెలుస్తుంది మేడమ్?" అనడిగాను.

"దానికి తెలీదు. మనకి తెలియాలి. మనం పొడవులన్నీ మిల్లీమీటర్లలో ఇస్తాం, బలం న్యూటన్లలో. అప్పుడు బరువు టన్నుల్లోనే ఇవ్వాలి. అన్నీ ఒకే ఇంట్లో వాళ్ళవ్వాలి. ఒకడు పక్కింటి నుంచి వచ్చి కూర్చున్నా అది ఏమీ అనదు. చక్కగా జవాబిస్తుంది. తప్పుడు జవాబు," అంది.

మా లెక్కల మాస్టారు గుర్తున్నాడా? నేను జవాబు పన్నెండు అని రాస్తే, "పన్నెండు ఏంట్రా? పన్నెండు గాడిదలా?" అని సున్నా వేసేవాడు. ఆ గాడిదల్ని తప్పించుకోవడానికే బడి మానేశాననుకో. ఇన్నేళ్ళకి ఏసీ గదిలో మళ్ళీ అవే ఎదురయ్యాయి.

నీ
బొంగరం

◆

నర్సుల హాస్టల్, కిటికీ పక్క మంచం
గురువారం

ఒరేయ్ బొంగరం,

నీ ఉత్తరం నా రూమ్మేటుకి కూడా చదివి వినిపించాను. "మీ తమ్ముడు ఇంత మాట్లాడతాడా?" అంది. మాట్లాడ్డం కాదమ్మా, నిలబడ్డం చూడాలి అన్నాను. జిరాక్సు షాపు, ఫోన్ల రిపేరు, కొరియరు, ఆ చేపల తొట్ల వాడి దగ్గర ఎన్నాళ్ళున్నావో నువ్వే చెప్పు. నేనేం అబద్ధం చెప్పానని ఇంజనీరమ్మకి?

యూనిట్ల సంగతి మాత్రం నాకు బాగా అర్థమైంది. మా పెద్ద సిస్టర్ ఉంది కదా, డాక్టరు మందు పేరు రాసి పక్కన ఊరికే "ఐదు" అని రాస్తే ఆ కాగితం వెనక్కి పంపించేస్తుంది. "ఐదేంటి బాబూ? మిల్లీగ్రాములా, మిల్లీలీటర్లా, చెంచాలా?" అని. కొత్త డాక్టర్లు ఆవిడ కనిపిస్తే గోడవారగా నడుస్తారు. మీ సాఫ్ట్‌వేర్‌కి మా పెద్ద సిస్టర్ లాంటి మనిషి ఒకరు కావాలిరా.

వంతెన తొందరగా కట్టండి. ఇప్పుడు ఆపరేషనైన మనిషిని లిఫ్టులో కిందికి దించి, వాకిలి దాటించి, మళ్ళీ లిఫ్టెక్కించి వార్డుకి చేరుస్తున్నాం. వానొస్తే ఒకరు ట్రాలీ తొయ్యాలి, ఒకరు సెలైన్ సీసా పట్టుకోవాలి, ఒకరు గొడుగు పట్టాలి. ఆ గొడుగు మనిషి ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. మొన్నొక పెద్దాయన మత్తు సగం దిగి కళ్ళు తెరిచి, "అమ్మా, నేను పోయానా? మొహం మీద నీళ్ళు చల్లుతున్నారేంటి?" అన్నాడు.

నవ్వాం గానీ, ఆయన కుట్ల మీద కట్టు తడిసిపోయింది.

అక్క

◆

మేడ మీది గది
మరుసటి నెల, సోమవారం

అక్కా,

నాకు పిచ్చి పట్టింది. దేన్ని చూసినా యూనిట్ అడుగుతున్నాను. ఇంటాయన "కాసేపట్లో నీళ్ళొస్తాయి" అన్నాడు. మీ కాసేపుకి మా నిమిషాలెన్ని అనడిగాను. మాట్లాడ్డం మానేశాడు. టీ కొట్టులో "పెద్ద టీ" అంటే గ్లాసు పెద్దదా, టీ ఎక్కువా అని తేల్చమన్నాను. ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే టీ పోసి పెట్టేస్తున్నాడు, ప్రశ్నలు వెయ్యకుండా.

మీ వంతెన కంప్యూటర్లో పూర్తయింది. ఇనుము ఎంత బరువుంటుందో చెప్పే ఫైలు నాకంటే ముందు పనిచేసినాయన తయారుచేసి పెట్టాడు. ఘనమిల్లీమీటరు ఇనుమంటే ఇసకరేణువంత, దాని బరువెంతుంటుంది? చుక్క పెట్టి, సున్నాలు పెట్టుకుంటూ పోవడమే. ఆ సున్నాలు చూస్తే జాలేసింది, ఏం మోస్తున్నాయో వాటికే తెలీదు.

తర్వాత గురుత్వం ఎంత అనడిగింది. అక్కా, బడిలోంచి నేను తెచ్చుకున్న ఒకే ఒక్క అంకె అది! తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి. ఎవర్నీ అడక్కుండా టకటకా కొట్టేశాను. ఇంజనీరమ్మ వంతెన మొత్తం బరువు కాగితం మీద చేత్తో లెక్కేసి, నా జవాబు పక్కన పెట్టి చూసింది. ఒకటే! ఎంత వంగుతుందో చూసింది. అదీ సరిపోయింది. "పర్లేదే, బొంగరం తిరుగుతూనే పని చేస్తోంది," అంది. నా ముద్దుపేరు ఆవిడకెవరు చెప్పారో నాకు తెలుసులే.

చివర్లో ఊపి చూశాను. మనుషులు సెకనుకి రెండడుగుల లెక్కన నడుస్తారట. వంతెన కూడా అదే జోరుతో ఊగే రకమైతే, ఉయ్యాలని తోసినట్టు ప్రతి అడుక్కీ ఊపు పెరుగుతుంది. మీది ఒకసారి కిందికెళ్ళి పైకి రావడానికి పద్నాలుగు సెకన్లు తీసుకుంటోంది. మీ పెద్ద సిస్టర్ మెట్లెక్కినంత తీరిగ్గా! నడకకీ దానికీ పొంతనే లేదు. రిపోర్టులో "ప్రమాదమా?" అనే గడిలో "లేదు" అని దానంతటదే పడింది. ఇంజనీరమ్మ ఆ "లేదు" చూసి సంతకం పెట్టింది. వర్క్‌షాపులో ఇనుము కొయ్యడం మొదలైంది.

నేను అంకెలు కొట్టిన వస్తువు మీద నువ్వు నడుస్తావు. తల్చుకుంటే ఏదోలా ఉంది, గర్వంగానే అనుకో.

బొంగరం

◆

నర్సుల హాస్టల్
వానలు మొదలైన వారం

ఒరేయ్,

మీ వంతెన లేచింది. క్రేన్లతో ఎత్తుతుంటే వార్డుల్లో నడవగలిగిన రోగులందరూ కిటికీల్లోనే ఉన్నారు. వెల్డింగ్ మేస్త్రీ, ఆయన మనుషులు రాత్రనక పగలనక చేశారు. వచ్చే నెల మొదట్లో తెరుస్తారట.

ఈలోపు పెద్ద సిస్టర్ ఊరుకుంటుందా? "నా రోగులు ఎక్కబోయే ముందు నేనెక్కాలి," అని ఖాళీ ట్రాలీ తెప్పించింది. ఖాళీదైతే ఏం తెలుస్తుందని, ఒక కుర్ర నర్సుని దాని మీద పడుకోబెట్టి, సెలైన్ సీసా తగిలించి, నలుగురం కలిసి తోశాం. ఆ పిల్ల దారంతా ఒకటే ములుగుడు, మధ్యలో "నా ఆస్తంతా మా పిల్లికి రాయండి" అని వీలునామా కూడా చెప్పింది.

వంతెన నడిమధ్యకి వచ్చేసరికి సీసా చిందులు తొక్కడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద నేల లేచి పడుతోంది. మేం ఆగాం. అది ఆగలేదు, ఇంకాసేపు ఎగిరి అప్పుడు సద్దుమణిగింది. ట్రాలీ మీద పిల్ల ఈసారి నిజంగానే కేకేసింది.

నువ్వు తీరిగ్గా అన్నావే, తీరిగ్గా ఏం లేదురా. నాకు అనుమానమొచ్చి, వాళ్ళని మళ్ళీ నడవమని, నేను నడిమధ్యలో రెయిలింగ్ మీద వేళ్ళు పెట్టి వాచీ చూసుకుంటూ నాడి పట్టాను. అలవాటైన పనే కదా. నిమిషానికి నూట ముప్ఫై పైనే. మనిషైతే వెంటనే పడుకోబెట్టి డాక్టర్ని పిలిచేదాన్ని. మీ వంతెనకి జ్వరం!

కొత్త ఇనుము కదా, కుదురుకుంటుందిలే అంటున్నారు ఇక్కడివాళ్ళు. అంతేనా?

అక్క

◆

మేడ మీది గది
శుక్రవారం

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ కూడా వానలు. అందరూ బాగున్నారు. పని బాగానే ఉంది. నీ ఆరోగ్యం చూసుకో. వంతెన సంగతి మేడమ్‌ని అడుగుతాను. అంతవరకు రోగుల్ని దాని మీదికి తీసుకెళ్ళకండి. నువ్వు కూడా ఎక్కువ తిరక్కు.

తమ్ముడు

◆

నర్సుల హాస్టల్
సోమవారం పొద్దున్న, డ్యూటీకి ముందు

ఏరా,

"నీ ఆరోగ్యం చూసుకో"నా? నువ్వు పుట్టాక నాతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ఒక్క వెటకారం లేదు, ఒక్క గాడిద లేదు, బొంగరం అన్న సంతకం కూడా లేదు. నీ ఉత్తరానికి నాడి లేదురా.

అసలు సంగతి నేనూ దాచాను. ఇక్కడ నవ్వులాటగా ఏం లేదు. నిన్న కాంట్రాక్టరు వచ్చి, బోల్టులు వదులుగా బిగించారని వెల్డింగ్ మేస్త్రీని అందరి ముందూ తిట్టాడు. ఆయన గడ్డం నెరిసిన మనిషి. మనుషుల్ని తీసుకుని వానలో మళ్ళీ పైకెక్కి ప్రతి బోల్టూ బిగించుకొచ్చాడు. తర్వాత మేం నడిచాం. అలాగే ఎగిరింది. "మళ్ళీ బిగించు" అన్నారు. మళ్ళీ ఎక్కాడు.

నీకేదో తెలుసు. సంచి సర్దేశావా? నిజం చెప్పు. చేపల తొట్లవాడి దగ్గర నుంచి వచ్చేసే ముందు కూడా నువ్విలాగే "అందరూ బాగున్నారు" అని రాశావు.

అక్క

◆

ఆఫీసు, కిటికీ పక్క బల్ల
బుధవారం

అక్కా,

సర్దాను. భుజాన వేసుకుని ఆఫీసులోంచి గేటు దాకా వెళ్ళాను కూడా. అక్కడ డ్రైవరన్న ఎదురుపడి, "నీ అక్క ఉత్తరం, చదివాక వెళ్ళు" అని చేతిలో పెట్టాడు. గేటు పక్కన నిలబడి చదివాను. మేస్త్రీ వానలో రెండోసారి ఎక్కాడన్న చోటికి రాగానే సంచి తీసి వాచ్‌మన్ కుర్చీ కింద పెట్టి మళ్ళీ మెట్లెక్కాను.

నువ్వు నాడి పట్టానని రాసిన రోజే నాకు తెలిసిపోయింది. నాది పద్నాలుగు సెకన్లకోసారి. నీది సెకనుకి రెండుసార్లు పైన, అచ్చం మనుషుల నడకే! ఇందులో ఒకటి తప్పు, నీ వాచీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఎక్కడ తప్పానో ఎంత వెతికినా దొరకలేదు. బరువు సరిగ్గా ఉంది, వంగడం సరిగ్గా ఉంది. దొరక్కపోయేసరికి భయమేసింది. భయమేస్తే నేనేం చేస్తానో నీకు తెలుసుగా.

ఇంజనీరమ్మ ముందు నీ పాత ఉత్తరం పెట్టాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నిమిషానికి నూట ముప్ఫై పైన. మీ అక్క కచ్చితంగా లెక్కపెట్టిందా?"

"మా అక్క నా తప్పులు తప్ప ఇంకేం అంత కచ్చితంగా లెక్కపెట్టదు మేడమ్. కానీ నాడి ఆవిడ ఉద్యోగం."

ఆవిడ నవ్వలేదు. రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి భాగించింది. "ముప్ఫై రెండు రెట్లు తేడా. ముప్ఫై రెండుని ముప్ఫై రెండుతో గుణించు."

గుణించాను. "వెయ్యి పైన కొంచెం."

"వెయ్యి!" అని కుర్చీలోంచి లేచింది. "వెయ్యి కనిపించిందంటే ఎక్కడో కిలోలూ టన్నులూ కలిసిపోయాయి. తియ్యి ఆ ఫైలు."

తీశాం. పాతాయన ఇనుము బరువు కిలోల్లో పెట్టి వెళ్ళాడు. చుక్క తర్వాత ఎనిమిది సున్నాలుండాల్సిన చోట ఐదే ఉన్నాయి. అంటే మన వంతెన కంప్యూటర్లో వెయ్యి రెట్లు బరువైపోయింది. మరి మొత్తం బరువు సరిగ్గా ఎలా వచ్చింది? అక్కడే నా ప్రతాపం ఉంది. నా తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి మీటర్ల లెక్క! మిల్లీమీటర్లలో అయితే తొమ్మిదివేల ఎనిమిదొందల పది కొట్టాలి. నేను వెయ్యి రెట్లు తక్కువ కొట్టాను.

చూశావా అక్కా? ఒకడు వెయ్యి రెట్లు ఎక్కువ చెప్పాడు, ఇంకొకడు వెయ్యి రెట్లు తక్కువ చెప్పాడు. బరువు లెక్కలో ఇద్దరూ ఒకరినొకరు కొట్టేసుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. వంగడంలోనూ అంతే. ఊగే లెక్కలో మాత్రం గురుత్వంతో పని లేదు. అక్కడ మొదటివాడు ఒంటరిగా దొరికిపోయాడు. వెయ్యి రెట్లు బరువైన వంతెన ఏనుగులా బద్ధకంగా ఊగింది. నేనేమో దాన్ని చూసి మురిసిపోయాను.

భయపడుతూనే, ఆ తప్పు ఎంత బాగా దాక్కుందో అని ఆశ్చర్యం కూడా వేసింది. ఆవిడ మొహంలోనూ అదే చూశాను.

తర్వాత నేను, "సంచి కింద ఉంది మేడమ్, వెళ్ళిపోతాను" అన్నాను.

"వెళ్తే తప్పంతా నీ ఒక్కడి మీద తోసేస్తారు. నేను కూడా తోసేస్తానేమో, ఎవరికి తెలుసు? పద్నాలుగు సెకన్లని రిపోర్టులో కళ్ళెదురుగా ఉంటే, 'లేదు' అన్న మాట చూసి సంతకం పెట్టింది నేను. కూర్చో. ముందు మేస్త్రీని కిందికి దింపాలి," అని అప్పటికప్పుడే కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది. "బోల్టుల తప్పు కాదు. లెక్క తప్పు. మాదే," అంది. అవతల ఆయన చాలాసేపు అరిచాడు. ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకుని అంతా విన్నది, పెట్టెయ్యలేదు. నేను నేర్చుకోవాల్సింది అదేననుకుంటా.

వంతెన విరగదు అక్కా, బలం లెక్క సరిగ్గానే ఉంది. ఊగుతుంది, అంతే. కానీ పచ్చి కుట్లున్న మనిషికి "అంతే" అని చెప్పలేం కదా. దారి దొరక్కపోతే మూసేస్తారట.

బొంగరం

◆

నర్సుల హాస్టల్
శనివారం

బొంగరం,

మేస్త్రీ కిందికి దిగాడు. కాంట్రాక్టరు మొహం చాటేశాడు గానీ, ఇంజనీరమ్మ మర్నాడే స్వయంగా వచ్చి, తిట్టినప్పుడు ఎవరెవరున్నారో వాళ్ళందర్నీ పిలిచి, వాళ్ళ ముందే ఆయనతో తప్పు మాదని చెప్పింది. ఆయన తలపాగా విప్పి పిండుకుంటూ, "అయితే నేను రెండుసార్లు ఊరికే తడిశానన్నమాట" అన్నాడు. అంతే. నాకు ఏడుపొచ్చింది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. మొత్తం చదివాక తిట్లు దొరకడం లేదు. ఉన్నావు కదా. అది చాలు, ఈ వారానికి.

తలుపుకి తాళం వేశారు. మళ్ళీ వాకిట్లోంచే తిరుగుతున్నాం. వాన తెరిపివ్వడం లేదు. పెద్ద సిస్టర్ రోజూ ఆ తాళం వైపు చూసి, "అంకెలు కొట్టేవాణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపు" అంటోంది. దేనికో చెప్పడం లేదు. ఏదో ఒకటి చెయ్యండిరా.

అక్క

◆

ఆఫీసు
రెండు నెలల తర్వాత

అక్కా,

ఆరోజు పెట్టెలు బిగించడానికి అక్కడికొచ్చి నిన్ను చూసింది పది నిమిషాలైతే, అందులో మూడు గొడవలు. చిక్కిపోయావని ఒకటి, చొక్కా ఇస్త్రీ లేదని ఒకటి, మూడోది దేనికో నాకు గుర్తులేదు. మనం ఉత్తరాలకే బాగుంటాం.

చెప్పడానికి వీల్లేకపోయింది గానీ, వంతెన పొట్ట కింద ఆ మూడు పెట్టెల్లో ఏముందో తెలుసా? స్ప్రింగుల మీద ఇనప దిమ్మలు. వంతెన పైకి లేస్తే దిమ్మ కిందికి లాగుతుంది, అది కిందికొస్తే ఇది పైకి. నీకూ నాకూ ఉన్న సంబంధమే. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, దిమ్మ ఎంత బరువుండాలి అని లెక్క వేసింది నేనే. ఈసారి ఒక్కో అంకె కొట్టే ముందు, "నువ్వెవరింటి వాడివి?" అని పైకే అడిగాను. పక్క బల్లవాళ్ళు అలవాటు పడ్డారు. చివర్లో ఇంజనీరమ్మ కాగితం మీద లెక్కేసింది, నేను వేరే కాగితం మీద వేశాను, ఒకరిది ఒకరం చూడలేదు. సరిపోయాయి. అయినా సంతోషం రాలేదు. ఇదివరకు కూడా సరిపోయాయి కదా!

మీ పెద్ద సిస్టర్ నన్ను పట్టుకుని ఏం చేసిందో చెప్పలేదు కదూ? తిడుతుందనుకున్నాను. మందుల గదిలోకి తీసుకెళ్ళి, ఒక సీసా చేతిలో పెట్టి, "దీని మీద అంకె చదువు" అంది. చదివాను. "యూనిట్?" అంది. అదీ చదివాను. "వెళ్ళు," అంది. అంతే!

ఎల్లుండి తాళం తీస్తారట. నేను రావడం లేదు. నేనొస్తే నా మొహం చూసి బాగుందనే అంటావు. ఎప్పట్లాగే నడిచి, వేళ్ళు పెట్టి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. ఎగురుతుంటే అదే రాయి. సంచి సర్దను, మాటిస్తున్నాను. మళ్ళీ మొదట్నుంచి లెక్క వేస్తాను.

బొంగరం

◆

వంతెన మీద, రెయిలింగ్ మీద కాగితం పెట్టుకుని
వాన

తమ్ముడూ,

తాళం తీశారు. ముందు నలుగురం ట్రాలీతో నడిచాం. ఆ కుర్ర నర్సు ఈసారి ఎక్కనంది, పిల్లి మీద ఒట్టేసినా ఎక్కనంది. పెద్ద సిస్టర్ తనే ఎక్కి పడుకుంది. "తొయ్యండి, చూస్తారేం?" అంది. అంత మనిషిని తోస్తుంటే మాకే ఆయాసమొచ్చింది గానీ సీసా కదల్లేదు. మేస్త్రీ ఆ చివర నిలబడి, మేం దగ్గరికొచ్చేదాకా తన కాళ్ళ వైపే చూసుకుంటున్నాడు.

తర్వాత నిజం మనిషిని తెచ్చాం. పొట్టకి ఆపరేషనైన ఆవిడ. పైన రేకుల మీద వాన దడదడమంటోంది. నడిమధ్యలో కళ్ళు తెరిచి, "వానా?" అంది. అవునమ్మా అన్నాను. "మరి నా మీద పడటం లేదే," అని మళ్ళీ నిద్రపోయింది.

ఆవిణ్ణి వార్డులో దించి మళ్ళీ ఇక్కడికొచ్చాను. ఇప్పుడు డ్యూటీ మారే వేళ, ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ జనం గబగబా నడుస్తున్నారు. ఇందాకటి నుంచి రెయిలింగ్ మీద వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాను, వాచీ ఎదురుగా పెట్టుకుని. వేళ్ళు మార్చి చూశాను, చెయ్యి మార్చి చూశాను, చోటు మార్చి చూశాను.

నాడి దొరకడం లేదురా. ఈ ఉద్యోగంలో చేరాక నాడి దొరక్కపోతే నవ్వొచ్చింది ఇవాళే.

అక్క